యానాం కాగితంలో ముత్తాత తండ్రి పేరు పక్కన 'రెనోన్సాన్' అని ఉంది, ఏం వదులుకున్నాడాయన?

కాకినాడ కాజా

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి పోవడమే, రాయడం ఇదే మొదలు.

మా అమ్మమ్మది యానాం. పోయినేడాది పోయింది. సంవత్సరం ప్రార్థన అయ్యాక ఆవిడ ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున పరిచిన పాత క్యాలెండరు కాగితం కింద నాలుగు మడతలు పెట్టిన ఫ్రెంచి కాగితం ఒకటి దొరికింది. మడతల దగ్గర చిరిగిపోయి, అక్కడక్కడా పురుగు తిన్న చిల్లులు, కింద గుండ్రటి ముద్ర, మధ్యలో ఊదా సిరా. ఫోనుతో ఫొటో తీసి అనువాదం యాప్‌లో పెడితే సగం సగం తెలిసింది. అది అమ్మమ్మ వాళ్ల నాన్న, అంటే మా ముత్తాత పుట్టిన సర్టిఫికెట్టు నకలు. 1904, యానాం.

గొడవంతా పేరు దగ్గర. ఆయన పేరు చివర 'ఫెలిక్స్' అని ఉంది. మనలాగా ఇంటిపేరు ఎక్కడా లేదు. ఆయన తండ్రి పేరు చివరా ఫెలిక్సే. ఆ తండ్రి పేరు పక్కన 'రెనోన్సాన్' అని ఒక మాట. యాప్ దానికి 'త్యజించినవాడు' అని చూపించింది! ఇక మా ఇంట్లో చర్చ చూడాలి. సన్యాసం పుచ్చుకుని ఉంటాడని మావయ్య (మరి ముత్తాత ఎక్కణ్ణించి వచ్చాడో ఆయనే చెప్పాలి), ఆస్తి అన్నదమ్ములకి వదిలేసి ఉంటాడని అమ్మ, అప్పులు ఎగ్గొట్టి ఉంటాడని మా ఆయన.

మా వాళ్లలో మొదట్నుంచీ ఒక మాట ఉంది, మనది పరాసు దొరల రక్తం అని. అమ్మమ్మ చెల్లెలు ఒకావిడ ఉంది, ఎదుర్లంకలో ఇచ్చారు, 84 ఏళ్లు, ఇప్పటికీ తన ముక్కు చూపించి మరీ చెబుతుంది. ఈ ఫెలిక్స్ చూశాక అందరూ ఖాయం చేసేసుకున్నారు. నాకెందుకో నమ్మబుద్ధి కావట్లేదు, మా ముక్కులు గోదావరి జిల్లాలో ప్రతి వీధిలోనూ ఉంటాయి.

తెలిసినవాళ్లు చెప్పండి. ఈయన ఫ్రెంచివాడా, మనవాడా? రెనోన్సాన్ అంటే ఏమిటి? ఇంకా వెనక్కి వెళ్లాలంటే ఎక్కడ వెతకాలి? ఒక ఆఫీసులో అడిగితే మూడుసార్లు తిప్పి, మీకెందుకండీ ఇవన్నీ అన్నారు.

---

పాండీ మూల

కాజా గారూ, మీ యాప్ తప్పు చెప్పలేదు, సగం చెప్పింది. ఆయన వదులుకున్నది ఆస్తీ కాదు, సంసారమూ కాదు. దాన్ని ఫ్రెంచిలో 'స్టాట్యూ పర్సోనెల్' అనేవారు, అంటే పెళ్లి, వారసత్వం, దత్తత లాంటివి తన కులాచారం, మతాచారం ప్రకారం నడుపుకునే హక్కు.

కొంచెం వెనక్కి వెళ్లి చెప్తాను. 1819లో ఫ్రెంచివాళ్లు తమ చట్టాలు పాండిచ్చేరి, కారైకాల్, మాహే, యానాం, చంద్రనగర్‌లలో అమల్లోకి తెచ్చారు, కానీ ఇక్కడి జనం ఇంటి వ్యవహారాల్లో ఎవరి ఆచారం వాళ్లదేనని వదిలేశారు. దాంతో ఒకే ఊళ్లో రెండు రకాల మనుషులు తయారయ్యారు. ఫ్రెంచి సివిల్ కోడు కింద ఉన్న తెల్లవాళ్లు, వాళ్ల సంకరజాతి పిల్లలు ఒకవైపు, ఆచారం కింద ఉన్న మనవాళ్లు ఇంకోవైపు. 1881 సెప్టెంబర్ 21న వచ్చిన డిక్రీ ఏం చెప్పిందంటే, ఇష్టమైనవాళ్లు తమ ఆచారాన్ని వదులుకుంటున్నామని ప్రకటన ఇచ్చి పూర్తిగా ఫ్రెంచి సివిల్ కోడు కిందికి రావచ్చు అని. ఒకసారి వదులుకుంటే మళ్లీ వెనక్కి రావడం ఉండదు. అలా వదులుకున్నవాళ్లే రెనోన్సాన్లు.

మీకు పనికొచ్చే ముక్క ఇప్పుడొస్తుంది. ఆ ప్రకటనలోనే ఆయన ఒక కుటుంబనామం ఎంచుకుని తీరాలి. అప్పణ్ణించి ఆయనకీ పిల్లలకీ తరతరాలకీ అదే పేరు. ఫ్రెంచి చట్టానికి ఇంటిపేరు తండ్రి నుంచి పిల్లలకి మారకుండా దిగాలి. ఇక్కడేమో తమిళుడికి ఇంటిపేరే లేదు, తండ్రి పేరు ముందు పెట్టుకుంటాడు, తరానికోసారి మారిపోతుంది. మనకి ఇంటిపేరు ఉంది కానీ తెల్ల గుమాస్తాకి అది ఇంటిపేరో, ఊరి పేరో, బిరుదో అర్థమయ్యేది కాదు. కొందరు ఉన్న పేరునే ఖాయం చేసుకున్నారు, చాలామంది కొత్తగా ఫ్రెంచి పేరు పెట్టుకున్నారు. సెయింట్ల పేర్లు, బాప్తిస్మం పేర్లు ఇంటిపేర్లయ్యాయి. మీ ఫెలిక్స్ ఆ కోవలోదిలా ఉంది. అది మామూలుగా మనిషి పేరు. అసలు ఫ్రెంచి కుటుంబాల్లో ఇంటిపేరుగా లేదని కాదు, కానీ 1881 తరవాత యానాంలో, పక్కన రెనోన్సాన్ అని ఉన్న చోట తగిలితే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఈ ఉద్యమానికి పాండిచ్చేరిలో ముందు నిలబడ్డ పొన్నుతంబి పిళ్లై కథ తెలుసా? లాయరు. 1873లో యూరోపియన్ల బూట్లు వేసుకుని కోర్టుకి వచ్చాడని జడ్జి లోపలికి రానివ్వలేదు. ఇక్కడివాడివి, చెప్పులు విడిచి రావాలి అని. ఆయన పారిస్ దాకా పోరాడి గెలిచాడు. తరవాత ఆచారం వదులుకుని ఎంచుకున్న పేరు 'లా పోర్త్', తెలుగులో ద్వారం. పాండిచ్చేరిలో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆయన్ని పొన్నుతంబి లాపోర్త్ అనే అంటారు. అలాంటి పేర్లు చూసి వీళ్లందరూ ఫ్రెంచి దొరల మునిమనవలు అనుకుంటే ఇంకేముంది.

ఎందుకు వదులుకున్నారంటే అందరికీ ఒకటే కారణం కాదు. కింది కులాల క్రైస్తవులకి ఇది కాగితం మీదైనా తెల్లవాడితో సమానం కావడం. కొందరికి ఉద్యోగం, ఫ్రెంచి పటాలంలో చేరడం, వియత్నాంలో అప్పటి ఫ్రెంచివాళ్ల ఊరు సైగాన్ వెళ్లడం. ఓట్ల లెక్క కూడా ఉంది, 1884లో యూరోపియన్లకి ఒకటి, రెనోన్సాన్లకి ఒకటి, మిగతావాళ్లకి ఒకటి అని మూడు ఓటరు జాబితాలు పెట్టారు. ఆచారం వదలడానికి వీల్లేదని వాళ్ల మీద ఎదురుతిరిగిన పెద్ద కులాల పార్టీ ఇంకొకటి. అది పెద్ద రామాయణం, ఇక్కడ వద్దు.

నిజంగా ఫ్రాన్సు నుంచి వచ్చినవాడైతే అతని పెళ్లి కాగితంలోనో చావు కాగితంలోనో పుట్టిన ఊరు రాసి ఉంటుంది, సెం మాలో అనో, లోరియాన్ అనో. మీ ముత్తాత తండ్రి కాగితాల్లో ఏ ఊరు ఉందో చూడండి. పందెం ఎదుర్లంకకి అటూ ఇటూ దాటదు.

---

సూటి ప్రశ్న

ఇదంతా ఫ్రెంచి పాస్‌పోర్టు కోసమేనా? దాచకుండా చెప్పండి 😄

---

కాకినాడ కాజా

అయ్యో కాదండీ. పాస్‌పోర్టు వస్తే వద్దనను గానీ.

---

పాండీ మూల

రాదులెండి. ఫ్రెంచివాళ్లు పాండిచ్చేరి, యానాం వగైరా ఊళ్లని ఇండియాకి అప్పగించే ఒప్పందం మీద 1956 మే 28న సంతకాలయ్యాయి, 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. అప్పణ్ణించి ఆరు నెలల్లోపు ఫ్రెంచివాళ్లుగానే ఉంటామని రాసి ఇచ్చినవాళ్లు ఉన్నారు, ఇవ్వనివాళ్లు ఇండియన్లయ్యారు. మైనర్లకి తల్లిదండ్రులు ఏది కోరుకుంటే అది. మీ అమ్మమ్మ రాసివ్వకపోతే ఆ తలుపు అప్పుడే మూసుకుపోయింది. పాండిచ్చేరిలో ఒకే ఇంట్లో అన్న ఫ్రెంచి పెన్షను తీసుకుంటూ, తమ్ముడు రేషన్ షాపు లైన్లో నిలబడ్డ ఇళ్లు నాకు తెలుసు. ఆరు నెలలే తేడా.

---

గౌతమి గట్టు

అమ్మాయ్, నేను యానాం వాణ్ణి, డెబ్భై దాటాయి. పాండీ మూల గారు చట్టం చెప్పారు, నేను ఊరు చెప్తాను.

మా చిన్నప్పుడు 'ఫ్రెంచి ఇంటిపేరోళ్లు' అని కొన్ని కుటుంబాలు ఉండేవి. ఇంట్లో తెలుగే. వంట పులస పులుసే. రోజూ పిలుచుకోవడానికి ఒక తెలుగు పేరు, ఆర్సీయం చర్చిలో బాప్తిస్మం పేరు ఇంకోటి, కాగితాల మీద ఫ్రెంచి ఇంటిపేరు మూడోది. ఒక మనిషికి మూడు పేర్లు. తెలియనివాళ్లు వెతికితే ముగ్గురు మనుషులు అనుకుంటారు. మా యానాం విమోచనలో ముందు నడిచిన దడాల రఫేల్ రమణయ్య గారి పేరు చూడు, ముందు దడాల అనే ఇంటిపేరు, తరవాత రఫేల్ అనే బాప్తిస్మం పేరు, చివర రమణయ్య. ఆయన పేరులో ఇంటిపేరు పోలేదు, పక్కన బాప్తిస్మం పేరు వచ్చి కూర్చుంది. మీ వాళ్ల పేరులో ఉన్న ఇంటిపేరే పోయింది. యానాంలో రెండు రకాలూ ఉన్నాయి.

ఫ్రెంచి గుమాస్తాకి ఒక్క విషయంలో మనతో పేచీ లేదు. వాళ్లూ ఆఫీసు కాగితాల్లో ఇంటిపేరు ముందు రాసి తరవాత అసలు పేరు రాస్తారు, మనలాగే. అందుకని యానాం కాగితాల్లో చాలావరకు ఇంటిపేరు బతికింది. మద్రాసు వైపు ఇంగ్లీషువాడి కాగితాల్లో అయితే చివర ఉన్న 'నాయుడు', 'రావు', 'మూర్తి' ఇంటిపేరయి కూర్చుంది, అసలుది పొడి అక్షరమైపోయింది.

ఇంకో మాట. యానాం చుట్టూ అంతా ఇంగ్లీషువాడి రాజ్యం. నీలపల్లి వాళ్లది, ఇంజరం వాళ్లది, ఏరు దాటితే ఎదుర్లంక వాళ్లది. ఒకే కుటుంబంలో అన్న ఇక్కడ, తమ్ముడు అక్కడ ఉండడం మామూలే. శారదా చట్టం వచ్చాక బాల్యవివాహాలు చెయ్యడానికి చుట్టుపక్కల జిల్లాలవాళ్లు బళ్లు కట్టుకుని మా ఊరొచ్చేవారు, ఆ చట్టం ఇక్కడ లేదు కదా, అందుకే యానానికి కల్యాణపురం అని పేరు. పెళ్లి ఇక్కడ, కాపురం అక్కడ. అందుకని వెతికేటప్పుడు ఒక్క యానాం రిజిస్టరే పట్టుకు కూర్చోకు. చర్చి బాప్తిస్మం పుస్తకాలు కూడా చూడు, ఫాదర్ గారిని మర్యాదగా అడిగితే చూపిస్తారు. పాత సమాధుల తోటకి వెళ్లు, అక్కడ నిజమైన ఫ్రెంచివాళ్లు పడుకుని ఉన్నారు, వాళ్ల పేర్లకీ మీ పేరుకీ ఏమన్నా పోలిక ఉందేమో నీ కళ్లతోనే చూసుకో. 1839 తుఫానులో ఊరు సగం కొట్టుకుపోయింది. అంతకు ముందువి దొరక్కపోతే ఎవర్నీ తిట్టుకోవద్దు.

పెద్దావిడ ముక్కు సంగతి మాత్రం కదపకు. ఆ వయసులో అదో ఆనందం.

---

చెదపురుగు

నేను ఫ్రాన్సులో ఎక్సాన్‌ప్రొవాన్స్ అనే ఊళ్లో చదువుకుంటున్నాను. కాజా గారికి కావాల్సిన పుస్తకాలు మా ఊళ్లోనే ఉన్నాయి. విదేశీ భూభాగాల జాతీయ ఆర్కైవ్స్ అని, పొట్టిగా 'అనోమ్' అంటారు. మీరు ఇక్కడికి రానక్కర్లేదు, వలస ప్రాంతాల జనన మరణ వివాహ రిజిస్టర్లు స్కాన్ చేసి ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టారు. లాగిన్ కూడా అడగదు.

ఇవి ఫ్రాన్సులో ఎందుకు ఉన్నాయంటే 1776లో పదహారో లూయీ వలస ప్రాంతాల రిజిస్టర్లన్నిటికీ నకలు రాసి ఫ్రాన్సుకి పంపాలని శాసనం చేశాడు. ఉష్ణదేశాల్లో చెదలు, తేమ, తుఫానులు కాగితాన్ని బతకనివ్వవని వాళ్లకి బాగా తెలుసు. ఆ రాజు తల తెగింది, పద్ధతి మిగిలింది. గౌతమి గట్టు బాబాయ్ గారు చెప్పిన తుఫాను యానాంలో పుస్తకాన్ని తిన్నా, ఓడెక్కేసిన నకలు ఒక్కోసారి ఉంటుంది.

వెతకడం ఇలా. దేశం దగ్గర 'ఆండ్' (ఇండియాకి ఫ్రెంచి మాట), ఊరు దగ్గర యానాం అని కొడితే రాదు, వాళ్ల స్పెల్లింగు యానావోన్. వై, ఏ, ఎన్, ఏ, ఓ, ఎన్. తరవాత ఏడాది. పేరుతో వెతికే సౌకర్యం మీద ఆశ పెట్టుకోకండి, పేజీలు తిప్పాల్సిందే. ప్రతి పదేళ్లకీ ఒక సూచిక ఉంటుంది, 'తాబ్ల్ దెసెనాల్' అంటారు, మొదట అది తెరవండి, టైము మిగులుతుంది. మీ ముత్తాత 1904లో పుట్టారు కాబట్టి వాళ్ల అమ్మానాన్నల పెళ్లి 1890ల నుంచి చూసుకుంటూ రండి. పుట్టిన కాగితం కంటే పెళ్లి కాగితం చాలా గొప్పది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు, ఇద్దరి తల్లిదండ్రుల పేర్లు, వయసులు, ఊళ్లు, వృత్తులు, నలుగురు సాక్షులు, వాళ్లు ఏమవుతారో కూడా రాస్తారు. ఇక్కడివాళ్లకి ఇది మామూలు విషయం, నేను మొదటిసారి చూసినప్పుడు మాత్రం ఒక గంట కదలలేదు.

స్పెల్లింగు ఒక పెద్ద తలనొప్పి, నాలుగు సంగతులు గుర్తు పెట్టుకోండి. మన 'ఉ' వాళ్లకి ఓ, యు కలిపి రాయాలి, అందుకే నాయుడు చివర డి, ఓ, యు ఉంటుంది. 'చ' కావాలంటే టి, సి, హెచ్. 'జ' కి డి, జె. వాళ్లు హ పలకరు కాబట్టి నరసింహులు నరసిములు అయిపోతాడు. రెండు అచ్చుల మధ్య ఒక్క ఎస్ రాస్తే వాళ్ల నోట్లో 'జ' లాగా అవుతుంది, అందుకని రెండు ఎస్‌లు రాస్తారు. రామసామిలో రెండు ఎస్‌లు చూస్తే అది ఫ్రెంచివాడి చేతి రాత అని కళ్లు మూసుకుని చెప్పొచ్చు. ఒకే మనిషి పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంటే కంగారు పడకండి. పైకి చదివి చూడండి, చెవికి తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆడవాళ్ల సంగతి. మన దగ్గర పెళ్లయితే ఇంటిపేరు మారిపోతుంది, ముత్తవ్వ పుట్టింటి పేరు రెండు తరాలకే మర్చిపోతాం. ఫ్రెంచి రిజిస్టర్లో ఆడమనిషి పుట్టినప్పటి పేరుతోనే చనిపోతుంది. ఆరుగురు పిల్లల తల్లైనా సరే, తన తండ్రి ఇంటిపేరే, పక్కన 'ఫలానావారి భార్య' అని. మొగుడి పేరు కింద వెతికితే ఆవిడ ఎప్పటికీ దొరకదు. నేను మా వాళ్ల కోసం కాదు, ఒక స్నేహితురాలి కోసం వెతుకుతూ రెండు నెలలు ఈ పొరపాటే చేశాను.

బాప్తిస్మం పేర్ల విషయం కూడా. వాళ్లకి మూడు నాలుగు పేర్లు వరసగా పెట్టడం అలవాటు, అందులో తాతదో, జ్ఞానతండ్రిదో ఒకటి ఉంటుంది. పైగా 1803 నుంచి 1993 దాకా ఫ్రాన్సు చట్టం ప్రకారం క్యాలెండర్లలో వాడుకలో ఉన్నవో, పాత చరిత్రలో ప్రసిద్ధులవో తప్ప వేరే పేర్లు పెట్టకూడదు. అందుకే అందరూ జోసెఫ్, మరీ, ఆంత్వాన్. పేరు బట్టి మనిషిని పోల్చుకుంటే మునిగిపోతారు, తల్లిదండ్రుల పేర్లు కలిసి రావాలి.

---

ద్వీపంలో తెలుగోడు

రీయూనియన్ నుంచి, హిందూ మహాసముద్రంలో ఫ్రెంచివాళ్ల ద్వీపం. ఉద్యోగం కోసం వచ్చి ఐదేళ్లయింది. ఇక్కడ కథ యానాం కథకి పూర్తిగా తిరగబడ్డది, అయినా చెప్పాలనిపించింది, ఎందుకంటే మొదలు యానాం రేవులోనే.

1828లో 'టుర్క్వాజ్' అనే ఓడలో యానాం నుంచి పదిహేనుమంది తెలుగు కూలీలు ఈ ద్వీపానికొచ్చారు. ఫ్రెంచి తోటల్లోకి ఒప్పందం మీద వచ్చిన మొదటి ఇండియన్లు వాళ్లే అంటారు. అప్పటికి ఇక్కడ బానిసత్వం ఇంకా ఉంది, 1848 డిసెంబర్ 20న గానీ పోలేదు. ఆ తరవాత కూలీలు వేలల్లో దిగారు, ఎక్కువమంది తమిళులు, మనవాళ్లూ కలిసి.

దిగిన మనిషికి ఒక నంబరు, ఒక పేరు, తండ్రి పేరు రాసుకునేవాళ్లు. ఇంటిపేరు అడిగినవాడు లేడు. పిల్లలు పుట్టాక చట్టానికి కుటుంబనామం కావాలి కదా, తండ్రిని పిలిచే పేరే ఇంటిపేరైపోయింది. రామసామి కొడుకులు, మనవలు, మునిమనవలు అందరూ రామసామిలే, ముందు జాన్ పాలో, మరీ క్లోదో. అంటే యానాంలో తెలుగు మనిషి ఫ్రెంచి ఇంటిపేరు పెట్టుకున్నాడు, ఇక్కడ ఫ్రెంచి మాట్లాడే మనిషి మన ముత్తాత పేరు ఇంటిపేరుగా మోస్తున్నాడు. మా ఆఫీసులో ఒకాయన ఇంటిపేరు చూసి, మీది ఏ ఊరండీ అని తెలుగులో అడిగేశాను. పాపం ఆయనకి నమస్తే తప్ప ఏమీ రాదు. కానీ ఆయన తాత తాత కాగితంలో నంబరూ, ఓడ పేరూ, 'తెలింగా' అన్న మాటా చూపించాడు. ఊరి పేరు ఉండాల్సిన చోట చదవడానికి రాని ఒక ముక్క. ఇద్దరం చాలాసేపు దాన్ని చూస్తూ ఉన్నాం. కోరంగి అని నేనంటాను, ఆయన వాళ్లావిడ కారైకాల్ అంటుంది.

పక్కన మారిషస్‌లో అప్పటికే ఇంగ్లీషు పాలన అయినా కథ ఇలాంటిదే. తెలుగువాళ్లని అక్కడ కొరింగీలు అనేవారు, కోరంగి రేవులో ఎక్కారని. అక్కడ మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో కూలీల రిజిస్టర్లు, ఫొటోలతో సహా, ఉన్నాయి. కాజా గారి వాళ్లలో ఎవరన్నా ఓడెక్కిన మాట విని ఉంటే అవి కూడా చూడొచ్చు.

---

కాకినాడ కాజా

అందరికీ దండాలు. పదకొండు రోజులుగా రాత్రిళ్లు ఇదే పని. మా ఆయన వంట నేర్చుకున్నాడు.

దొరికింది! చెదపురుగు గారు చెప్పినట్టే పదేళ్ల సూచిక పట్టుకుని వెళ్లాను, 1898 పెళ్లి. పెళ్లికొడుకు మా ముత్తాత తండ్రి, ఫెలిక్స్, వయసు ఇరవై రెండు, పుట్టింది యానాంలో. సెం మాలో లేదు, లోరియాన్ లేదు. పాండీ మూల గారు పందెం గెలిచారు. అక్కడే ఇంకో వాక్యం ఉంది, నాకు అర్థం కాక చెదపురుగు గారికి పంపిస్తే చదివిపెట్టారు. ఈయన తండ్రి 1882లో ఆచారం వదులుకున్నట్టు ప్రకటన ఇచ్చాడు, అప్పటికి ఈయన చిన్నపిల్లాడు, తండ్రితో పాటు పేరు మారింది. అంటే వదులుకున్నది నిజానికి ఈయన కాదు, ఈయన తండ్రి. సన్యాసమూ లేదు, అప్పులూ లేవు. మావయ్యకి చెబితే కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

ఇంతకంటే పెద్దది పేజీ అడుగున ఉంది. నలుగురు సాక్షుల్లో ముగ్గురు ఫ్రెంచిలో గీకారు. నాలుగో ఆయన సంతకం తెలుగులో! ఇరుకు జాగాలో, గుమాస్తా గీత మీదకి ఎక్కించి, ఒత్తి ఒత్తి రాసిన పాత తెలుగు అక్షరాలు, తలకట్టు పొడుగ్గా పక్కకి లాగి. ఆ ఫ్రెంచి పేజీ మొత్తంలో నేను సొంతంగా చదవగలిగింది ఆ ఒక్క ముక్కే. పెళ్లికొడుక్కి పినతండ్రి, వ్యవసాయం, ఊరు ఎదుర్లంక అని గుమాస్తా పైన రాశాడు. సంతకంలో ముందు ఇంటిపేరు, తరవాత పేరు. అంటే అన్న ఇటు ఉండి ఫెలిక్స్ అయ్యాడు, తమ్ముడు ఏరు దాటి పాత ఇంటిపేరుతోనే ఉండిపోయాడు. గౌతమి గట్టు గారు చెప్పింది అక్షరాలా అదే.

ఇంటిపేరు ఇక్కడ రాయను, ఎందుకంటే చిక్కొచ్చి పడింది. మా చిన్నమ్మమ్మ మెట్టినింటి పేరు అదే. ఊరూ అదే. 1959లో పంటు మీద ఏరు దాటించి మరీ ఆ ఇంటికి ఇచ్చారు, మంచి సంబంధం అని, ఇంటిపేర్లు వేరు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

---

గౌతమి గట్టు

ఓరి దేవుడో. ఒకే ఇంటిపేరు వాళ్లకి పిల్లనిచ్చుకున్నారా!

---

పాండీ మూల

చట్టం ప్రకారం ఏం తప్పు లేదు లెండి. 1882లోనే వదులుకున్నారుగా 😄

---

కాకినాడ కాజా

అమ్మకి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "ఈ మాట చిన్నమ్మమ్మ దగ్గర అనకు, ఆరుగురు పిల్లలు, పద్నాలుగుమంది మనవలు ఉన్నారు" అంది. ఆదివారం ఎదుర్లంక వెళ్తున్నాం. సంతకం ఉన్న పేజీ ప్రింటు తీయించాను గానీ బ్యాగులో పెట్టుకోవాలా వద్దా ఇంకా తేల్చుకోలేదు.